మా మరదలు ఫోను మార్చాలా వద్దా

మా మరదలికి పుట్టుకతోనే చూపు లేదు. ఈ సంగతి మొదటి వాక్యంలోనే చెప్పేస్తున్నాను. ఆలస్యంగా తెలిసినవాళ్లు "అయ్యో" అంటారు. ఆ "అయ్యో" వింటే ఆవిడకి ఒళ్లు మండుతుంది. ఆవిడకి ఒళ్లు మండితే ఆ సెగ మా వాటా దాకా వస్తుంది.

వయసు నలభై ఏడు. మా వీధి చివరి ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. ఇరవై రెండేళ్లుగా ఆ ఆసుపత్రికి ఎవరు ఫోను చేసినా ముందు పలికేది ఆవిడే. మూడువందల పైచిలుకు లోపలి నంబర్లు నోటికి వచ్చు. ఏ డాక్టరు ఏ పూట ఏ గదిలో ఉంటాడో ఆ డాక్టరు భార్య కంటే ముందు ఆవిడకి తెలుస్తుంది. ఇంట్లో మేం చిట్టి అంటాం. ఆసుపత్రిలో గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి పెద్ద సర్జను దాకా అందరూ "ఎక్స్ఛేంజిగారు" అంటారు. మా మేడ మీది వాటాలో ఒక్కతే ఉంటుంది. కింద మేం ఉండగా ఒక్క మనిషికి వేరే వంట ఎందుకని మా ఆవిడ పన్నెండేళ్లు పోరి, చివరికి చేతులెత్తేసింది.

నాది ఆసుపత్రి గేటుకి ఎదురుగా జిరాక్సు షాపు. పొద్దున్నే ఇద్దరం కలిసి నడిచి వెళ్తాం. చూసేవాళ్లు నేను ఆవిడని తీసుకెళ్తున్నాననుకుంటారు. నిజానికి దారిలో గుంటలు ఎక్కడున్నాయో ఆవిడ చేతికర్రకి తెలిసినంత నా కళ్లకి తెలియదు. రెండుసార్లు ఆవిడే నా చొక్కా పట్టుకుని ఆపింది.

ఫోన్ల విషయంలో మా ఇంట్లో రెండు వర్గాలు. నేను, మా ఆవిడ, మా అమ్మాయి ఒక రకం ఫోన్లవాళ్లం. చిట్టి ఒక్కతే రెండో రకం. బయట ఎన్ని పేర్లతో అమ్మినా ఫోన్లలో అసలు జాతులు రెండే కదా, ఆ రెండింటికీ వియ్యం కుదరదు. మేం ముగ్గురం పంపుకునేవాటిలో సగం ఆవిడకి చేరవు, చేరినవి సరిగ్గా తెరుచుకోవు. "మా వైపు వచ్చెయ్" అని తొమ్మిదేళ్లుగా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాను. ఆవిడ పెడచెవిన పెడుతూ వచ్చింది.

చూపు లేని మనిషి అద్దంలాంటి తెర మీద ఫోను ఎలా వాడుతుందని అడిగేవాళ్లుంటారు. తెర మీద వేలు జరుపుతుంటే ఆ వేలి కింద ఏముందో ఫోను చదువుతుంది. కావాల్సింది వినపడగానే రెండుసార్లు తడితే నొక్కినట్టు లెక్క. కాకపోతే ఆవిడ ఫోను చదివే వేగం మామూలు మనుషులు తట్టుకునేది కాదు. మన చెవికి పిచ్చుకలు పోట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. ఆవిడ ఆ గోలలోంచే బస్సు వేళలు ఏరుకుంటుంది.

అంతా సాఫీగా ఉండగా ఆసుపత్రిలో పాత ఎక్స్ఛేంజి బోర్డు తీసేయాలని నిర్ణయించారు. ఇక కాల్స్ అన్నీ ఒక ఫోనులో యాప్ ద్వారా వస్తాయి. ఆపరేటరు ఆ ఫోను మీదే అందుకుని, ఎవరికి కావాలంటే వారికి కలపాలి. ఒక శుక్రవారం ఆఫీసరుగారు ఆవిడని పిలిచి చెప్పారు. ఆ యాప్ రెండు రకాల ఫోన్లలోనూ నడుస్తుందని, ఆవిడకి ఏది వీలైతే అదే ఆసుపత్రి కొనిస్తుందని, వచ్చే శుక్రవారం పదకొండింటికి అందరి ముందూ పనిచేసి చూపించాలని. కుదరకపోతే మొహమాటపడవద్దని, రికార్డుల గదికి మారుస్తానని, జీతంలో పైసా తగ్గదని కూడా అన్నారట. మంచిగానే అన్నారు. ఆ మంచితనమే ఆవిడని కాల్చింది.

ఆ సాయంత్రం మా వంటింటి గడప మీద కూర్చుని, "రికార్డుల గదిలో నేనేం చెయ్యాలి బావా? ఫైళ్ల వాసన చూసి బీరువాల్లో సర్దాలా?" అంది.

మా ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది. చిట్టి గొంతులో ఆ వణుకు నేను ఇరవై రెండేళ్లలో వినలేదు. నాకు భయం వేసింది, ఆ మాట ఒప్పుకుంటాను.

అసలు చిక్కు ఏమిటంటే, ఆ యాప్ తయారుచేసినవాళ్లు హడావిడిలో బటన్ల మీద బొమ్మలు గీశారు గానీ వాటికి పేర్లు పెట్టలేదు. చూసేవాళ్లకి తేడా తెలియదు. చిట్టి ఫోనులో దాన్ని తెరిస్తే వేలు ఎక్కడ పెట్టినా "బటన్, బటన్, బటన్" అనే తప్ప ఇంకో ముక్క రాదు.

సరిగ్గా ఆ మర్నాడే మా జాతిలో కొత్త ఫోను అమ్మకానికి వచ్చింది. దాని విడుదల సభ అంతకు వారం ముందే నేను టీవీకి అతుక్కుపోయి చూశాను. పేరు లేని బటను కనిపిస్తే బొమ్మని బట్టి అదేమిటో ఈ ఫోనే చెబుతుందట. కెమెరా ఎటు తిప్పితే అటు ఏముందో వర్ణిస్తుందట. నేను ఎగిరి గంతేశాను. తెల్లారకముందే వెళ్లి వరసలో నిలబడి కొనుక్కొచ్చాను. పెళ్లినాడు కూడా ఇంత పొద్దున్నే లేవలేదని మా ఆవిడ సాగదీసింది.

ఆ ఫోనుని నేను రెండు గంటలైనా వాడలేదు. పైకి తీసుకెళ్లి చిట్టి చేతిలో పెట్టాను.

"శుక్రవారం దాకా ఇది నీదే. నేర్చుకో. నచ్చితే ఆఫీసరుగారికి ఈ రకమే చెప్పు."

ఆవిడ ముందు దాని అంచులు తడిమింది. తర్వాత చదివే వేగం చివరికంటా పెంచి, ఒక నిమిషం విని, తల ఊపింది. కెమెరా నా వైపు తిప్పింది. ఫోను నన్ను చూసి, "అరవై దాటిన పురుషుడు, చిరాకుగా ఉన్నాడు" అంది. నాకు యాభై మూడు. ఆవిడ కడుపు పట్టుకుని నవ్వి, కిందికి దిగి వాళ్లక్కకి చెప్పి, మళ్లీ పైకి వచ్చి నవ్వింది.

"బావా, ఇది అబద్ధాలాడే రకం కాదు. నాకు నచ్చింది," అంది.

గెలిచాననుకున్నాను. "ఇంకేం, నీ పాత ఫోనులో ఉన్నదంతా గంటలో దీంట్లోకి వచ్చేస్తుంది" అన్నాను.

"నా పేర్లు కూడా వస్తాయా?"

"నంబర్లన్నీ పేర్లతో సహా వస్తాయి."

"మనుషుల పేర్లు కాదు బావా. బటన్ల పేర్లు."

నాకు అర్థం కాలేదు. ఆవిడ తన ఫోను తీసి, నా కోసం వేగం తగ్గించి, బ్యాంకు యాప్ తెరిచి వేలు జరపడం మొదలుపెట్టింది. ఫోను ఒక్కొక్కటే చదివింది. "పంపు." "వెనక్కి." "వీడు మళ్లీ మళ్లీ అడుగుతాడు, వద్దను." "దీని జోలికి వెళ్లకు." "ఇదెందుకుందో పెట్టినవాడికే తెలియాలి." మందుల యాప్ తెరిస్తే అందులో ఒకటి "బావ నొక్కమన్నది, పనికిరాదు" అంది.

పేరు లేని బటను తగిలినప్పుడల్లా ఎవరినో ఒకరిని అడిగి, అదేమిటో తెలుసుకుని, తన మాటల్లో పేరు పెట్టుకుందట. ఆ ఎవరో ఒకరిలో నేనూ ఉన్నాను. "బావా, ఇక్కడేముంది?" అని అడిగితే చెప్పి నా దారిన నేను పోయేవాణ్ణి. ఆ తర్వాత ఆవిడ ఏం చేస్తుందో ఒక్కసారీ అడగలేదు. తొమ్మిదేళ్లలో ఆరేడు వందల పేర్లు. షాపుకి ఫోను చేసి కనుక్కుంటే, ఒక జాతి ఫోనులోంచి ఇంకో జాతి ఫోనులోకి అవి రావని చెప్పారు. అసలు అలాంటివి ఉంటాయని అక్కడ ఎవరికీ తెలియదు కూడా. నాకు తల కొట్టేసినట్టయింది.

మా ఆవిడ, "దీనికింత ఆలోచన దేనికే? ఆసుపత్రికి అది, ఇంటికి ఇది. రెండూ పెట్టుకో" అంది.

"వేళ్లు రెండు రకాలు లేవుగా అక్కా. నా ఫోనులో రెండు వేళ్లతో రెండుసార్లు తడితే కాల్ ఎత్తుతుంది. దీంట్లో అలా తడితే కాల్ కట్టయిపోతోంది. ఇంట్లో ఒక తీరు, డ్యూటీలో ఒక తీరు అంటే వేళ్లకి మతిపోతుంది. అక్కడ నా వేళ్లకి మతిపోతే అవతల ఎవరి ప్రాణం మీదికో వస్తుంది. ఉంటే పూర్తిగా ఇటు, లేకపోతే పూర్తిగా అటు."

ఆ మాటతో చర్చ ముగిసింది. ఆదివారం కాఫీ తాగి ఆవిడే తేల్చేసింది. "మారతాను. పేర్లదేముంది, పెట్టింది నేనేగా. మళ్లీ పెడతాను."

అలా చెప్పడానికి ఎంత గుండె కావాలో నాకు తెలుసు. జిరాక్సు మెషిను మారిస్తే నేను వారం రోజులు తిండి సరిగ్గా తినలేదు.

ఆదివారం నుంచి గురువారం దాకా మా ఇల్లే ఎక్స్ఛేంజి అయింది. డ్యూటీ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ చిట్టి పైన కొత్త ఫోను పట్టుకుని కూర్చునేది. నేను హాల్లోంచి, మా ఆవిడ వంటింట్లోంచి, మా అమ్మాయి కాలేజీ హాస్టలు నుంచి రోగులమై ఫోన్లు చేసేవాళ్లం. "పిల్లల వార్డు కావాలండీ", "ఎక్స్‌రే రిపోర్టు వచ్చిందా అండీ" అని అరిచేవాళ్లం. మొదటి రోజు మా ఆవిడని మూడుసార్లు మధ్యలో కట్ చేసింది. "నిజంగా జబ్బు పడినా నీకు చెయ్యను" అని మా ఆవిడ అలిగింది. మంగళవారానికి తప్పులు సగమయ్యాయి. గురువారం ఒక్కటి కూడా లేదు. ఆ వేళ్లు కొత్త తెర మీద తిరుగుతుంటే చూస్తూ కూర్చునేవాణ్ణి. ఆ వయసులో ఐదు రోజుల్లో తొమ్మిదేళ్ల అలవాటు మార్చుకున్న మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. మా మరదలు మా వైపు వచ్చేసిందని షాపుకి వచ్చిన ప్రతివాడికీ అడక్కుండానే చెప్పాను.

శుక్రవారం షాపు మూసి నేనూ వెళ్లాను. ఎక్స్ఛేంజి గది చిన్నది. ఒక పక్క పాత బోర్డు, దాని ముందు చిట్టి కుర్చీ, గోడకి అన్ని విభాగాల నంబర్ల పట్టిక. ఆ పట్టిక చూడ్డానికి ఆ గదిలో ఎవరూ ఉండరు. ఆఫీసరుగారు, యాప్ కంపెనీ నుంచి వచ్చిన ఇంజనీరమ్మ, నేను గోడకి ఆనుకుని నిలబడ్డాం. పది కాల్స్ పరీక్ష. నర్సులు, గుమాస్తాలు వేరే గదుల్లోంచి చేశారు. పదీ సరిగ్గా చేరాయి. ఒక్కొక్కటీ నాలుగైదు సెకన్లే పట్టింది. ఆఫీసరుగారు తృప్తిగా పెన్ను తీశారు. నేను ఇంజనీరమ్మ వైపు చూసి మీసం దువ్వుకున్నాను.

"ఒక్క నిమిషం సార్, ఇంకా రాయకండి" అంది చిట్టి. "ఆరో కాల్లో నర్సమ్మ మాట మధ్యలో ఆగింది. అక్కడ నాకేమీ వినపడలేదు."

"ఆగింది కాబట్టే వినపడలేదమ్మా" అన్నారు ఆఫీసరుగారు.

"మనిషి ఆగినా ఊపిరి ఆగదు కదా సార్. ఆ ఊపిరి వినపడలేదు."

ఇంజనీరమ్మ చప్పున అందుకుంది. "అది ఈ ఫోను పద్ధతి మేడమ్. తెర మీద ఉన్నది చదివేటప్పుడు అవతలి శబ్దం తగ్గించేస్తుంది. రెండూ కలిసిపోకుండా, మీ సౌకర్యం కోసమే."

"దాన్ని ఆపొచ్చా?"

"కాల్ నడిచేటప్పుడు కుదరదండీ. ఫోను చేసినవాళ్లు అలాగే పెట్టారు."

ఇంట్లో ఐదు రోజులు సాధన చేసినా ఇది బయటపడలేదెందుకో నాకు అప్పుడు తట్టింది. మా ఇంట్లో మెల్లిగా మాట్లాడే రక్తమే లేదు. మేం ముగ్గురం రోగులుగా నటిస్తూ పైకప్పు ఎగిరిపోయేలా అరిచాం. రోగం వచ్చినవాళ్లు అలా అరవలేరన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. నాలుక కరుచుకున్నాను.

చిట్టి ఆఫీసరుగారి గొంతు వినపడే వైపు తిరిగి కూర్చుంది.

"సార్, నెలకి పదిహేను ఇరవై మంది ఫోను చేసి మాట్లాడలేరు. గుండె నొప్పి వచ్చినవాళ్లు, ఆయాసం వచ్చినవాళ్లు. వాళ్లని ఏ విభాగం కావాలని నేను అడగను. ఒక చెవితో ఆ ఊపిరి వింటూ, రెండో చెవితో బోర్డు చూసుకుంటూ తిన్నగా ఎమర్జెన్సీకి కలుపుతాను. ఈ ఫోను నాతో మాట్లాడినప్పుడల్లా వాళ్ల నోరు మూసేస్తోంది. ఇది మంచి ఫోనే, నాకు నచ్చింది కూడా. ఈ పనికి మాత్రం వద్దు. నా పాత రకమే కావాలి, అది చదువుతున్నా అవతలి శబ్దం తగ్గించదు."

ఆఫీసరుగారికి కోపం వచ్చింది. "అందులో బటన్లే చదవడం లేదని మీరే చెప్పారు. పదికి పది వచ్చాక ఇప్పుడు వద్దంటే ఎలా? శుక్రవారం అన్నాను, ఇది శుక్రవారం. దీన్ని కాదంటే నా దగ్గర రికార్డుల గది తప్ప ఇంకో దారి లేదు."

చేతికందిన ఉద్యోగాన్ని తనే తోసేస్తోంది. "చిట్టీ, పనిచేస్తోందిగా, సర్దుకుపోదూ" అన్నాను.

"నువ్వాగు బావా" అంది. తిరిగి, "అరగంట ఇవ్వండి సార్. ఈలోగా మీరు టీ తాగి రండి. ఇంజనీరమ్మగారు నా పక్కన కూర్చుంటే చాలు" అంది.

ఆయన వెళ్లలేదు. చేతులు కట్టుకుని అక్కడే నిలబడ్డారు. చిట్టి తన పాత ఫోను తీసి, అందులో యాప్ తెరిచింది. బటన్, బటన్, బటన్. మొత్తం ఇరవై రెండు. ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టడం, అదేం చేస్తుందని అడగడం, ఇంజనీరమ్మ చెప్పడం, చిట్టి ఫోను నోటి దగ్గర పెట్టుకుని పేరు పెట్టడం. కాల్ ఆపి ఉంచేదానికి "ఉండమ్మా" అని పెట్టింది. వేరే విభాగానికి కలిపేదానికి "అప్పగింత". ముగ్గురిని కలిపి మాట్లాడించేదానికి "పంచాయితీ". ఎమర్జెన్సీకి "పరుగు". మొత్తం చెరిపేసేదానికి "చచ్చినా ముట్టుకోకు". మొదట్లో బిగుసుకుని కూర్చున్న ఇంజనీరమ్మ పదో బటను దగ్గరికి వచ్చేసరికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఆఫీసరుగారి గదికి వెళ్లే బటను పేరు మాత్రం ఆయనకి వినపడకుండా గొణిగింది. ఫోను దాన్ని ఆ పిచ్చుకల వేగంతో తిరిగి చదివింది. ఐదు రోజుల పుణ్యమా అని నాకు ఆ భాష కొంచెం అలవాటయింది. "తొందర లేదు" అని పెట్టింది. నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.

అరగంట పట్టలేదు, ఇరవై నిమిషాలకే అయిపోయింది. మళ్లీ పది కాల్స్ వచ్చాయి. పదీ చేరాయి, కొత్త ఫోను కంటే త్వరగానే చేరాయి. అలవాటైన తెర కదా.

"పదకొండోది ఒకటి చేయించండి సార్. ఏమీ మాట్లాడొద్దని చెప్పండి. ఊపిరి తీస్తే చాలు" అంది చిట్టి. చెవుల్లో పెట్టుకునే రెండింటిలో ఒకటి తీసి ఆయన ఉన్నవైపు చాచింది. ఆయన కాస్త సంకోచించి, వంగి చెవిలో పెట్టుకున్నారు.

ఫోను మోగింది. చిట్టి ఎత్తి, "ఆసుపత్రి అండీ" అంది. అవతల నిశ్శబ్దం. నాకేమీ వినపడలేదు గానీ ఆఫీసరుగారి ముఖం చూస్తున్నాను. ఆయన కనుబొమ్మలు దగ్గరయ్యాయి. పిచ్చుకలు అరుస్తున్నాయి, వాటి కింద ఎవరో ఊపిరి తీస్తున్నారు, ఆ రెండూ ఆయనకి ఒకేసారి వినపడుతున్నాయని తెలుస్తోంది. చిట్టి వేలు అప్పటికే "పరుగు" మీద ఉంది. రెండుసార్లు తట్టింది. కింద ఎమర్జెన్సీలో ఎవరో "చెప్పండి" అన్నారట. ఆ తర్వాత కూడా ఆయన దాన్ని చెవిలోంచి వెంటనే తీయలేదు.

నాకు కళ్లు తడయ్యాయి. ఆ మాట ఎక్కడా దాచుకోను. ఆరేడు వందల పేర్లు పోయినా సరేనని మారడానికి సిద్ధపడిన మనిషి, ఎవరో తెలియనివాళ్ల ఊపిరి దగ్గర మాత్రం వెనక్కి తగ్గనంది.

ఆఫీసరుగారు పెన్ను తీసి కాగితం మీద రాశారు. "పాత రకంలోనే కొత్త ఫోను కొంటాం. సోమవారం నుంచి మీరే చూసుకోండి" అన్నారు. పెన్ను జేబులో పెట్టుకుంటూ ఆగి, "ఒక సందేహమమ్మా. ఈ పేర్లన్నీ మీ సొంతం. మీ తర్వాత వచ్చేవాళ్లకి ఎలా అర్థమవుతాయి?" అని అడిగారు.

"నాకింకా పదమూడేళ్ల సర్వీసుంది సార్. నెమ్మదిగా చెప్తాను."

ఆయన మొదటిసారి నవ్వారు. తలుపు దగ్గరికి వెళ్లి బయట నిలబడిన అటెండరుతో గొంతు తగ్గించి, "రికార్డుల గదిలో ఈవిడ కోసం వేసిన కుర్చీ తీయించెయ్" అన్నారు.

ఆయన ఎంత గొంతు తగ్గించినా ఆ గదిలో ఎవరికి వినపడకూడదో వాళ్లకే వినపడింది. పరీక్ష కాకముందే కుర్చీ అక్కడ వేసి సిద్ధంగా ఉంచారన్నమాట. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంజనీరమ్మ నేల చూపులు చూసింది. ఆఫీసరుగారు తలుపు దగ్గరే బిగుసుకుపోయారు.

చిట్టి మాత్రం ఫోను ఒళ్లో పెట్టుకుని, ఆయన వైపు తిరిగి, "ఇక్కడికే తెప్పించండి సార్" అంది. "నన్ను చూడ్డానికి వచ్చినవాళ్లు నిలబడాల్సి వస్తోంది."